మంటకు తెల్లబడ్డ కెంపు: తప్పు అవుసలిదా, రాయిదా?

మే నెల రెండో వారం, మధ్యాహ్నం రెండు దాటింది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఆ వేళకు సగం షట్టర్లు దించే ఉంటాయి. రత్నాలు పరీక్షించే నా టేబుల్ ముందుకు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకరు మిర్యాలగూడలో రిటైరైన టీచరమ్మ. రెండో ఆయన మా బజారులోనే ముప్పై ఏళ్లుగా పని చేస్తున్న అవుసలి, అంటే కంసాలి. పక్కపక్కనే కూర్చున్నా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

టీచరమ్మ పర్సులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బీ తీసి మూత తెరిచారు. దూదిలో ఒక రాయి. కెంపు అన్నారు గానీ, ఎరుపు సగం పోయి పాలు కలిసినట్టుంది. పైనుంచి కింది దాకా సాలెగూడులా తెల్ల గీతలు.

"92 వేలు పెట్టి కొన్న బర్మా కెంపు సార్. ఉంగరం బిగుసుకుపోతుందని సైజు పెంచమని ఇచ్చిన. రాయి తియ్యకుండనే మంట పెట్టిండు. గిట్ల చేసి చేతిల పెట్టిండు" అన్నారు.

అవుసలి గొంతు పెగలడం కష్టంగా ఉంది. "సారూ, నేను చిన్నప్పటి సంది కెంపులకు మంట తగిలిస్తున్న. మా నాయన కూడ గట్లనే చేసిండు. నీలం తీస్తం, పచ్చ తీస్తం, ముత్యం, పగడం తీస్తం. కెంపు ఏం గాదు. ఇది ఎందుకు గిట్లయిందో నాకు సమజైతలేదు. ఐదు వేలు ఇచ్చిన మేడంకు. మిగిలింది యాడికెల్లి తేవాలె?"

ఈ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఇలాంటి తగాదాలు నా దగ్గరికి వచ్చేసరికి దోషి ఎవరో ముందే ఖాయమైపోయి ఉంటుంది: రాయిని ఆఖరున ముట్టుకున్నవాడు. అమ్మినాయన హైదరాబాద్‌లో ఏసీ షాపులో ఉంటాడు, కార్డు ఇస్తాడు, డబ్బీ ఇస్తాడు. అవుసలి దగ్గర ఉండేది గ్యాస్ మంట, టంకానికి వాడే వెలిగారం, తేజాబ్ (ఆమ్లం) గిన్నె. చెడిపోయింది ఆయన చేతిలోనే కాబట్టి తప్పూ ఆయనదే అనుకుంటారు. ఈ కేసు వివరంగా రాయడానికి అదే కారణం. రాయిని సరిగా అడిగితే, మంటకు ముందు తనకేం జరిగిందో అదే చెబుతుంది.

ముందు కాగితాలు అడిగాను. టీచరమ్మ జాగ్రత్త మనిషి, అన్నీ దాచారు. కొన్నది ఏడాదిన్నర కింద. ఆ రోజే రెండు రాళ్లు తీసుకున్నారు: 6.12 క్యారెట్ల కెంపు 92 వేలకు, 4.38 క్యారెట్ల కనకపుష్యరాగం 78 వేలకు. బంగారం, మజూరీ వేరు. రెండో ఉంగరం ఆమె చూపుడు వేలికే ఉంది. బిల్లులో మాత్రం 'రాయి ఉంగరాలు, 2' అని తప్ప రాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. బంగారానికి బీఐఎస్ హాల్‌మార్క్, ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరక్షరాల గుర్తు హెచ్‌యూఐడీ సరిగానే ఉన్నాయి. హాల్‌మార్క్ ఉంది కదా, రాయికి కూడా గ్యారంటీ అనే అనుకున్నారామె. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ ముద్ర బంగారం స్వచ్ఛతకే. అందులో పొదిగిన రాయి కెంపైనా, గాజైనా హాల్‌మార్క్‌కు సంబంధం లేదు.

కెంపుతో పాటు ఒక ల్యాబ్ కార్డు ఉంది. ఏటీఎం కార్డంత, పైన రాయి ఫోటో. 'నేచురల్ కొరండమ్, వెరైటీ: రూబీ' అని రాసుంది. కామెంట్స్ గడి ఖాళీ. కార్డు తిప్పి లెన్స్ పెట్టి చదివితే, చీమ తలకాయలంత అక్షరాల్లో, ట్రీట్‌మెంట్ పరీక్ష ఇందులో చేర్చలేదని ఉంది.

ఇక అసలు సాక్ష్యం ఆమె ఫోన్‌లో దొరికింది. కొనడానికి ముందు రోజు షాపాయన పంపిన వాట్సాప్ మెసేజ్: 'రెండూ 100% నేచురల్, నో హీట్, నో ట్రీట్‌మెంట్. కెంపు బర్మా, పుష్యరాగం సిలోన్.'

నేను పరీక్షించాల్సింది ఈ ఒక్క వాక్యాన్నే. చదివితే ఒకే మాటలా ఉంటుంది గానీ, ఇందులో నాలుగు మాటలున్నాయి. రాయి భూమిలో పుట్టింది. దాన్ని కొలిమిలో పెట్టలేదు. ఇంకే మందూ మాకూ వాడలేదు. ఫలానా దేశంలో దొరికింది. ఈ నాలుగింటికీ సాక్షులు వేర్వేరు. మొదటిది నిజమైనంత మాత్రాన మిగతా మూడూ నిజం కావు. కొనేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. 'నేచురల్' అన్న మాట చెవిన పడగానే మిగతా మూడూ దానివెంటే వచ్చేసినట్టు మనసు ఒప్పేసుకుంటుంది.

మొదట తూకం వేశాను. కార్డు మీద 6.12, నా త్రాసులో 6.07. కెంపు అంటే కొరండమ్, అల్యూమినియం ఆక్సైడ్. మంటకూ తేజాబ్‌కూ అది బరువు తగ్గే పదార్థం కాదు. కాబట్టి పోయిన ఆ 0.05 క్యారెట్ కెంపు కాదు, కెంపులో ఉన్న ఇంకేదో. ఫోటో, కొలతలు కార్డుతో సరిపోయాయి. రాయి మారలేదు. ఇది చూడకుండా ముందుకు పోకూడదు. 'అవుసలి రాయి మార్చాడు' అనే అనుమానం టీచరమ్మ నోటితో అనకపోయినా మనసులో ఉంది. ఆ మాట అక్కడే తేల్చేసి చెప్పాను. అవుసలి తల ఎత్తి చూశాడు.

రాయి వెలుతురును ఎంత వంచుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద, గీతలు పడక బాగున్న ముఖం ఒకటి వెతికి పెట్టాను. 1.762, 1.770. కొరండమ్ లెక్క తు.చ. తప్పలేదు. వెలుతురును రంగులుగా విడదీసి చూపే చేతి స్పెక్ట్రోస్కోప్‌లో, కెంపుకు ఎరుపునిచ్చే క్రోమియం గీతలు కనబడ్డాయి. మైక్రోస్కోప్‌లో ఒకదాన్నొకటి కోసుకునే తిన్నని జంట పొరలు, కోణాలతో పెరిగిన రంగు పట్టీలు. ల్యాబ్‌లో మంటమీద కరిగించి చేసే వెర్నాయ్ కెంపులు 1902 నుంచి లోకంలో ఉన్నాయి. వాటిలో ఈ పట్టీలు గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంపు తిరిగి ఉంటాయి. ఇక్కడ ఆ వంపు లేదు. అంటే భూమిలో పుట్టిన కెంపే. షాపాయన మొదటి మాట నిజం. కార్డు మాట కూడా నిజమే.

తర్వాత రాయిని మెల్లగా తిప్పుతూ తెల్ల గీతల మధ్య మంట, తేజాబ్ చేరని చోటు కోసం వెతికాను. రాయి నడుమ, టేబుల్ ముఖం కింద, ఇంకా తేటగా ఉన్న ఒక పగులు దొరికింది. అటు వంచితే నెమలి కంఠం రంగు నీలం తళుక్కుమంది. కొంచెం ఇటు తిప్పితే ఆ నీలం పోయి నారింజ ఛాయ. ఆ పగులులోనే అప్పడంలో పొంగిన చుక్కల్లా చదునైన గాలి బుడగలు. ఎర్రటి రాయిలో ఈ నీలం మెరుపు, ఈ బుడగలు కలిసి కనబడితే నాకిక సందేహం ఉండదు. పగుళ్లలో సీసపు గాజు నింపారు.

ఇంకో గుర్తు రాయి అంచున దొరికింది, దాన్ని ఇద్దరికీ చూపించాను. ఒక పగులు బయటికి తెరుచుకున్న చోట ఆవగింజలో పదో వంతు ఉండే మెరిసే బిందువు, నుదుటి మీద చెమట బొట్టు నిలిచినట్టు. మంటకు లోపలి గాజు కరిగి, ఉబికి, అక్కడికొచ్చి గడ్డకట్టింది. కెంపు కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. అవుసలి టార్చ్‌కు కెంపు చెమటోడ్చదు. టీచరమ్మ మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశారు. కళ్లు తీసి, "ఇది మొదటి నుంచే ఉందా సార్ లోపల?" అని అడిగారు.

ఉంది. ఈ పని ఎలా చేస్తారో చెబితే తప్ప అర్థం కాదు. మడగాస్కర్, మొజాంబిక్ లాంటి చోట్ల నగకు పనికిరాని నాసి కెంపు టన్నుల కొద్దీ దొరుకుతుంది. పగుళ్లమయం, వెలుతురు దూరదు. దాన్ని ఆమ్లాలతో కడిగి పగుళ్లలో చెత్త తీసేస్తారు. సీసం ఎక్కువగా కలిపిన గాజు పొడి పూసి కొలిమిలో పెడతారు. గాజు కరిగి పగుళ్లలోకి పాకుతుంది. మిర్చి బజ్జీ పొట్లం కట్టిన కాగితం చూడండి. నూనె పీల్చిన చోట కాగితం వెనక అక్షరాలు కనబడతాయి. కాగితం మారలేదు. పోగుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరింది, వెలుతురు అడ్డం లేకుండా దాటిపోయింది. ఇదీ అంతే. సీసపు గాజు వెలుతురును వంచే తీరు కెంపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగులు కంటికి మాయమవుతుంది. మసకగా ఉన్న రాయి ఒక్క రోజులో తేటబడి దానిమ్మ గింజలా నిగనిగలాడుతుంది. 2004 ప్రాంతం నుంచి ఇలాంటి సరుకు మార్కెట్లో పోటెత్తింది. హోల్‌సేల్‌లో దీని ధర క్యారెట్‌కు వందల రూపాయల్లో ఉంటుంది. ఈమె పెట్టింది క్యారెట్‌కు పదిహేను వేలు.

ధర కూడా ఒక సాక్షే. ఆరు క్యారెట్లు, తేట, మంచి ఎరుపు, కాల్చని బర్మా కెంపు. ఈ నాలుగూ ఒక్క రాయిలో కుదిరితే క్యారెట్‌కే లక్షలు పలుకుతుంది. 92 వేలకు మొత్తం రాయి రాదు. బేరంలో గెలిచామని ఆమె అనుకున్నారు.

అవుసలి కెంపులకు ఇన్నేళ్లూ మంట తగిలించి ఎందుకు బతికిపోయాడో కూడా దీనితో తేలింది. ఆయన నాయన నాటి కెంపుల్లో ఈ గాజు లేదు. గాజు లేని కెంపు చాలావరకు మంటను తట్టుకుంటుంది. అయినా వెలిగారం తగిలితే పాలిష్ తినేస్తుంది, కాబట్టి అదీ మంచి అలవాటు కాదని ఆయనకు చెప్పాను. ఈ రాయిలో మాత్రం టంకం కరగడానికి పెట్టే వేడికి గాజు మెత్తబడింది, ఉబికింది. తర్వాత వేసిన తేజాబ్ మిగిలిన దాన్ని పైపై నుంచి తినేసింది. పగుళ్లు మళ్లీ నోళ్లు తెరిచాయి. ఆయన చేతిలో కెంపు చెడిపోలేదు. కెంపుకు వేసిన ముసుగు తొలగింది.

మంట కంటే ముందే ఇది మొదలైందని చెప్పే ముక్క టీచరమ్మే ఇచ్చారు. "దీపావళికే వెనక తెల్లగ రెండు గీతలు కనబడ్డయి. సబ్బు పట్టిందనుకున్న" అన్నారు. జాతక ఉంగరాల్లో రాయి చర్మానికి తగలాలని అడుగు తెరిచి కడతారు. ఆమె ఏటా నిమ్మకాయ పచ్చడి పెడతారు, ఉంగరం తీయరు. సీసపు గాజుకు నిమ్మరసం కూడా శత్రువే. పాత ఫోటోలు వెతికించాను. నవంబర్‌లో మనవరాలి పుట్టినరోజున చేయి దగ్గరగా పడ్డ ఫోటో ఒకటి దొరికింది. పెద్దది చేసి చూస్తే రాయి అంచున వెంట్రుకంత తెల్ల గీత. ఉంగరం అవుసలి చేతికి వెళ్లింది మే నెలలో.

బర్మా అన్న మాట మిగిలింది. నా దగ్గరున్న సామానుతో రాయి దేశం తేల్చి రాయను, రాయకూడదు. పెద్ద ల్యాబుల్లో కూడా అది అభిప్రాయమే. అయితే బర్మాలోని మోగోక్ కెంపులో ఇనుము తక్కువ. అల్ట్రావయొలెట్ దీపం కింద నిప్పుకణికలా వెలగాలి. ఇది మందంగా, ఆరిపోతున్న బొగ్గులా వెలిగింది. 'బర్మా అన్న మాటకు ఈ రాయిలో మద్దతు కనబడలేదు' అని మాత్రం రాశాను.

షాపులో ఆమెకు చేసి చూపించిన పరీక్షల గురించి కూడా చెప్పాలి. ఆమె నమ్మింది వాటిని చూసే. షాపాయన రాయితో గాజు పలక మీద గీశాడు, గీత పడింది. పడుతుంది. రాయిలో ఎక్కువ భాగం కెంపే కదా, పది దాకా ఉండే మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 9. చల్లదనం చూడమని చెంపకు ఆనించాడు. ఏసీలో ఉన్న ఏ రాయైనా చల్లగానే ఉంటుంది. పాలలో వేసి పాలు గులాబీ రంగు తిరిగాయని చూపించాడు. ఎర్రటి, తేటైన వస్తువు ఏది వేసి పైనుంచి దీపం పెట్టినా పాలు అలాగే కనబడతాయి, సీసా పెంకు వేసినా సరే. ఈ పరీక్షల్లో ఒక్కటి కూడా ట్రీట్‌మెంట్‌ను పట్టేది కాదు. పదింతలు చూపించే లూప్ పట్టుకుని, రాయిని కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి, పై ముఖాల మీద పగుళ్లు మెరుపు తగ్గి కనబడుతున్నాయా, లోపల నీలం తళుకు వస్తోందా అని ఐదు నిమిషాలు చూస్తే ఇలాంటి రాయి చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. మనవైపు కొనేవాళ్లలో లూప్ అడిగేవాళ్లే తక్కువ. ఆరు వందలకు వస్తుంది. లక్ష పెట్టేవాళ్లు అడగాలి.

ఇక్కడి దాకా వచ్చాక టీచరమ్మ చూపుడు వేలి ఉంగరం లాగి టేబుల్ మీద పెట్టేశారు. "ఇది కూడ గంతేనా సార్? చెప్పండి, అమ్మేస్త."

ఒకే షాపు, ఒకే రోజు, ఒకే మెసేజ్. మొదటిది తప్పని తేలాక రెండోదీ తప్పే అనుకోవడం మనిషి సహజం. కానీ నేను పరీక్షించేది రాయిని, అమ్మినాయన్ని కాదు. ఆ వేళ నాకూ ఆ తొందర ఉంది, దాన్ని పక్కన పెట్టడానికి కొంచెం కష్టపడ్డాను.

కనకపుష్యరాగం విషయంలో చిక్కు వేరే రకం. అది కూడా కొరండమే, పసుపు రంగుది. కెంపులు, నీలాలు, పుష్యరాగాల్లో మార్కెట్‌కు వచ్చేవి ఎక్కువ భాగం కొలిమి చూసినవే. మామూలుగా కాల్చడం మోసం కాదు. రంగు నిలుస్తుంది, రాయి చెడదు. చెప్పి, దానికి తగ్గ ధర తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పచ్చలో నూనె ఎక్కించడం కూడా అలాంటిదే, చెప్పి అమ్మితే తప్పు లేదు. అసలు భయం బెరీలియం అనే మూలకంతో. 2001, 2002 ప్రాంతంలో థాయ్‌లాండ్ చాంతబురి నుంచి వచ్చిన పద్ధతి అది. పాలిపోయిన రాయిని బెరీలియం ఉన్న పొడితో కలిపి 1,800 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాలుస్తారు. రంగు బయటి నుంచి లోపలికి ఇంకుతుంది. పూర్తిగా ఇంకితే నాలాంటివాడి మైక్రోస్కోప్‌కు పట్టుబడకపోవచ్చు. లేజర్‌తో ధూళంత తీసి మూలకాలు లెక్కపెట్టే యంత్రం కావాలి. అది పెద్ద ల్యాబుల్లోనే ఉంటుంది. కాబట్టి 'చూడగానే చెప్పేస్తా' అనేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

రిఫ్రాక్టోమీటర్ కొరండమ్ అనే చెప్పింది. పసుపు టోపాజ్‌నూ, కాల్చిన అమెథిస్ట్ సిట్రిన్‌నూ పుష్యరాగమని అంటగట్టడం బజారులో మామూలు. ఆ మోసం ఇక్కడ లేదు. మైక్రోస్కోప్‌లో పట్టుదారాల్లాంటి సన్నని సూదులు తెగకుండా, కొసదాకా నిక్కచ్చిగా ఉన్నాయి. గట్టిగా కాల్చిన రాయిలో ఇవి చుక్కలు చుక్కలుగా కరిగిపోతాయి. ఒక అంచు దగ్గర చిన్న ఖాళీ గది కనబడింది, చెక్కినట్టు కోణాలతో. సిలోన్ రాళ్లలో ఇలాంటి గదుల్లో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కోట్ల ఏళ్ల కింద రాయి పెరిగేటప్పుడు అందులో చిక్కుకున్నది. గదిలో ద్రవం, దాని మీద తేలే వాయు బుడగ కనబడాలి. ఇక్కడ గది ఉంది, బుడగ లేదు. గది పగిలి ఖాళీ అయిందా? అయితే కాల్చినట్టే. మొదటి చూపుకు అలాగే అనిపించింది.

అప్పుడు గోడ మీద థర్మామీటర్ చూశాను. నేను కూర్చున్న గదిలో 37 డిగ్రీలు. పైగా హాలోజన్ దీపం రాయి కిందే ఉంది. కార్బన్ డయాక్సైడ్ సుమారు 31 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అన్న తేడా పోయి ఒక్కటైపోతుంది. బుడగ ఉన్నా కనబడదు. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం బుడగ కనబడలేదంటే దానికి అర్థం లేదు. హాలోజన్ ఆర్పాను. బయట వరండాలో నీళ్ల రంజన్ (మట్టి కుండ) ఉంది. స్టీలు గ్లాసుతో ఆ నీళ్లు తెచ్చి ఉంగరం ముంచి ఐదు నిమిషాలు ఉంచాను. తీసి, చప్పున తుడిచి, ఎల్‌ఈడీ దీపం కింద పెట్టి చూశాను. గది మూలలో గుండ్రటి బుడగ, నీటి మట్టం చూపే బద్దలో ఉండేలాంటిది, రాయిని వంచితే కదులుతోంది. చూస్తుండగానే చిన్నదవుతూ, చిన్నదవుతూ అర నిమిషంలో మాయమైంది. మళ్లీ ముంచాను. మళ్లీ వచ్చింది.

టీచరమ్మను కూర్చోబెట్టి చూపించాను. అవుసలీ చూశాడు. ఆ గది కొలిమి వేడికి పగలకుండా ఆగదు. లోపలి ఒత్తిడి దాన్ని చీల్చేస్తుంది. గది చెక్కుచెదరలేదంటే ఆ రాయి కొలిమి చూడలేదు. కొలిమి చూడనప్పుడు 1,800 డిగ్రీల బెరీలియం ప్రశ్నే లేదు. ఒకటే మిగిలింది, రేడియేషన్ ఇచ్చి పసుపు తెప్పించడం. ఆ రంగు ఎండలో నిలవదు. ఈ ఉంగరం ఏడాదిన్నరగా వేలికి ఉంది. కొన్ననాటి ఫోటోతో పోల్చితే రంగు అలాగే ఉంది. షాపాయన రెండో రాయి గురించి చెప్పింది నాకు కనబడ్డంత వరకు నిజమే.

సాయంత్రానికి రిపోర్టు రాశాను. కెంపుకు: 'సహజ కొరండమ్, కెంపు. పగుళ్లలో సీసపు గాజు అధికంగా నింపి ఉంది. ప్రస్తుత నష్టం వేడి, ఆమ్లాల వల్ల ఆ గాజు కరిగి తొలగడంతో ఏర్పడింది. నింపని కెంపులో ఈ రకమైన నష్టం జరగదు.' పుష్యరాగానికి: 'సహజ కొరండమ్, పసుపు. వేడి చేసిన ఆనవాళ్లు కనబడలేదు. అమ్మదలిస్తే పెద్ద ల్యాబ్ రిపోర్టు తీసుకోవడం మేలు.'

షాపాయనకు ఆమె ఎదుటే ఫోన్ చేశాను. మొదట గొంతు పెంచాడు. "నేచురల్ అని కార్డులనే ఉంది గదన్నా! నేను అబద్ధం యాడ చెప్పిన? మీ అవుసలి కాల్చుకుంటే నాదా తప్పు?" నేచురల్ అన్నది నిజమేనని ఒప్పుకున్నాను. 'నో ట్రీట్‌మెంట్' అని మీరు రాసిన మెసేజ్ నా ముందే ఉంది, దాని సంగతి చెప్పమన్నాను. కొద్దిసేపు మాట రాలేదు. జైపూర్ నుంచి లాట్‌లో తెచ్చానని, అక్కడివాళ్లు తనకూ అలాగే చెప్పారని అన్నాడు. అది నిజమే కావచ్చు. అయినా ఆ మెసేజ్ రాసింది ఆయన, డబ్బు తీసుకుంది ఆయన.

వారం గడిచినా జవాబు లేకపోయేసరికి నోటీసు రాయించాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువు నాణ్యత గురించి తప్పు చెప్పి అమ్మడం అనుచిత వ్యాపారమే. జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి, ఆమెకు ఇంకా ఆరు నెలలుంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుం కూడా ఉండదు. నోటీసు అందాక షాపాయన రాయిని తను చెప్పిన పెద్ద ల్యాబ్‌లో చూపించాలన్నాడు. సరేనన్నాం. సీల్ వేసి, బరువు రాసి, ఇద్దరి సంతకాలతో పంపాం. ల్యాబ్ జవాబు నా రిపోర్టుకు తేడా రాలేదు. జూన్ ఆఖర్లో యాభై వేలు, తొలి ఏకాదశి దాటాక మిగతా నలభై రెండు వేలు ఆమె ఖాతాలో పడ్డాయి. కమిషన్ దాకా పోలేదు. బిల్లులో రాళ్ల గురించి ఏమీ లేకపోయినా కేసు నిలబడింది ఆ ఒక్క వాట్సాప్ మెసేజ్ వల్లే. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటే చెబుతున్నాను: బిల్లు మీద రాయి పేరు, బరువు, 'ఏ ట్రీట్‌మెంటూ లేదు' లేదా 'ఫలానా ట్రీట్‌మెంట్ ఉంది' అని రాయించుకోండి. రాయనంటే ఆ ధర ఇవ్వకండి.

రెండో విడత పడిన రోజు టీచరమ్మ నల్లగొండ వచ్చారు. నేరుగా అవుసలి దుకాణానికి వెళ్లారు, నన్నూ రమ్మన్నారు. కవర్‌లో ఐదు వేలు పెట్టి ఆయన పట్టుపలక మీద ఉంచారు. "తప్పుగ అనుకున్న అన్నా" అన్నారు. ఆయన వద్దన్నాడు, ఆమె వినలేదు. తర్వాత పుష్యరాగం ఉంగరం తీసి, ఇది కూడా వేలికి బిగుతైంది, కొంచెం పెంచాలి అన్నారు.

ఆయన ఉంగరాన్ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చిన్న ఉలితో పట్టు నాలుగు వైపులా మెల్లగా లేపి రాయిని బయటికి తీశాడు. గుడ్డతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు. "నేను చెప్పేదాంక గుప్పిట్ల పట్టుకోండి మేడం" అని, అప్పుడు మంట వెలిగించాడు.